కిరీటం కింద అక్షరాలు

ప్రశ్న: నమస్తే సర్. మేం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో కొలంబస్‌కి దగ్గర్లో ఉంటాం. మా పక్కింట్లో ఒక పెద్దవాళ్ల జంట ఉండేవారు. పోయిన చలికాలం ఆయన చనిపోయారు. ఇప్పుడు ఆవిడ ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. సామాను సర్దుతూ ఒక పాత వేట తుపాకీ తెచ్చి, ‘మా మామగారు 1945లో జర్మనీ నుంచి తెచ్చింది, మా పిల్లలెవరికీ అక్కర్లేదు, మీకు పాత వస్తువులంటే ఇష్టం కదా’ అని మా ఆవిడ చేతిలో పెట్టి వెళ్లారు. దానికి మూడు గొట్టాలు. పైన రెండు పక్కపక్కనే, కింద ఒకటి. ట్రిగ్గర్లు మాత్రం రెండే. బొటనవేలు ఆనే చోట ఒక చిన్న మీట, దాని పక్కన ఎస్, కె అక్షరాలు. పక్కల మీద జింక, అడవిపంది చెక్కి ఉన్నాయి. గొట్టాల మీద ‘క్రుప్-ఎస్సెన్’ అని ఉంది, మధ్య పట్టీ మీద ఎవరిదో పేరు, మాగ్డెబర్గ్ అని ఊరి పేరు ఉన్నాయి. ఒకచోట డి.ఆర్.జి.ఎం. అని ఆరంకెల నంబరు. గొట్టాల అడుగున కిరీటాలు, వాటి కింద అక్షరాలు, వలయంలో 16, ఇంకా 8,7, 72, 328 అని ఏవేవో అంకెలు. ఒక ఫ్రెండు ఇది క్రుప్ కంపెనీ తయారీ, కైజర్ కాలం నాటిది, యాంటిక్ కాబట్టి కాగితాలేం అక్కర్లేదు అంటాడు. ఇంకో ఫ్రెండు జర్మన్ వైమానిక దళం పైలట్లకిచ్చిన తుపాకీ, వేల డాలర్లు పలుకుతుంది అంటాడు. ఎవరు చేశారు, ఎప్పటిది, ఎంత చేస్తుంది, కాల్చి చూడొచ్చా? ఫొటోలు పంపుతున్నాను. భుజానికి ఆనించే మడమ చెక్క అడుగున ఒక చిన్న ఇనుప మూత కూడా ఉంది, తుప్పు పట్టి తెరుచుకోవడం లేదు.

సమాధానం: మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. వాటికంటే ముందు, మీరు రాయని సంగతి ఒకటి నేను అడగాలి. మీరు ఏ వీసా మీద ఉన్నారు?

తుపాకీకీ వీసాకీ ఏం సంబంధం అనుకోకండి. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనబోటివాళ్లకి పనికొచ్చేది ఒక్కటే: ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు. ‘నేను కొనలేదు, కాల్చలేదు, ఎవరో ఇస్తే అల్మరాలో పెట్టానంతే’ అంటే కుదరదు. ఇంట్లో పెట్టుకోవడమే తప్పు. కేసయితే వీసాతో పాటు దేశమే వదలాల్సి రావచ్చు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరే ఉంటాయి. కాబట్టి మీది తాత్కాలిక వీసా అయితే, ఈ ఉత్తరం మొత్తం చదివే లోపే మీ పక్కింటావిడకి ఫోన్ చేసి, తుపాకీని వాళ్లమ్మాయి దగ్గరో, లైసెన్సున్న డీలరు దగ్గరో పెట్టించండి. తర్వాత లాయర్‌ని కలిసి తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

మరి యాంటిక్ సంగతేమిటంటారా? మీ ఫ్రెండు పూర్తిగా తప్పు చెప్పలేదు. 1968 నాటి తుపాకుల చట్టంలో ఒక గీత ఉంది. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనదాన్ని ఫెడరల్ చట్టం తుపాకీ కింద లెక్కపెట్టదు, యాంటిక్ అంటుంది. 1899లో తయారైతే తుపాకీయే. చూడ్డానికి ఎంత పాతగా ఉంది, చెక్క ఎంత నల్లబడింది అన్నది లెక్కలోకి రాదు. మీ విషయంలో తయారైన సంవత్సరం ఊరికే తెలుసుకునే ముచ్చట కాదు, మీ భవిష్యత్తు దాని మీద ఆధారపడి ఉండొచ్చు. అందుకే ముందు ఆ పని చూద్దాం.

మీ ఫొటోలు చూశాను. పదమూడు ఫొటోల్లో తొమ్మిది జింకవీ, పందివీ. అందరూ ఇలాగే పంపుతారు. చెక్కుడు పని బాగుంది, ఓక్ ఆకుల అంచు కూడా శుభ్రంగా ఉంది. కానీ తుపాకీ పుట్టుక చెప్పేది జింక కాదు. పైన కనపడేదంతా కొనేవాడి కోసం చేసింది. గొట్టాలు విప్పితే తప్ప కనపడని అడుగు భాగంలో ఉన్నది సర్కారు వేసిన ముద్ర. ముందు అడుగు చదవాలి, తర్వాతే పై భాగం. నేను ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, పైన ఉన్నది చూసి నేనే ఒకసారి బోల్తా పడ్డాను. ఆ కథ తర్వాత చెప్తాను.

జర్మనీలో 1891లో ఒక చట్టం చేశారు, 1893 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మకానికి పెట్టే ప్రతి తుపాకీనీ పరీక్షా కేంద్రానికి పంపాలి. అక్కడ మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి కాలుస్తారు. పగలకపోతే, ఉబ్బకపోతే ముద్ర వేస్తారు. ఆ ముద్రలే మీ కిరీటాలు. ఒక్కో కిరీటం కింద ఒక్కో అక్షరం. బి అంటే బెషుస్, పేల్చి పరీక్షించాం అని. యు అంటే ఉంటర్‌జూహుంగ్, పేల్చాక మళ్లీ కళ్లతో చూసి సరిగ్గానే ఉందని తేల్చుకున్నాం అని. జి ఉంటే ఆ గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులున్నాయని, అంటే రైఫిల్ గొట్టం. ఎస్ అంటే ష్రోట్, సీసం రవ్వలు పేల్చే నున్నటి గొట్టం. డబ్ల్యు అంటే మూతి దగ్గర గొట్టం కొద్దిగా ఇరుకవుతుందని. దాన్నే చోక్ అంటాం, రవ్వలు చెదిరిపోకుండా గుత్తిగా వెళ్లడానికి. ఎన్ అంటే నైట్రో, పొగ రాని కొత్తరకం మందుతో పరీక్షించాం అని.

మీ పైరెండు గొట్టాల మీద బి, యు, ఎస్, డబ్ల్యు, ఎన్ ఉన్నాయి. కింది గొట్టం మీద బి, యు, జి, ఎన్. అంటే పైన రెండూ షాట్‌గన్, కిందది రైఫిల్. ఇందులో నాకు కావలసింది ఆ చివరి అక్షరం. నైట్రో ముద్ర వచ్చిందే 1911లో. పాత తుపాకీని తర్వాతెప్పుడో తీసుకెళ్లి నైట్రో పరీక్ష చేయించే వీలు లేకపోలేదు కాబట్టి దీనొక్కదాన్ని పట్టుకుని కూర్చోకూడదు. ఇంకో ఆధారం కావాలి.

అది మీరు ‘328 అని ఏదో నంబరు’ అని తేలిగ్గా రాసేశారే, అదే. ఏడో ఫొటో పెద్దది చేసి చూడండి. 3కీ 28కీ మధ్య సన్నటి ఖాళీ ఉంది. అది 328 కాదు. 3, 28. మార్చి 1928. 1910ల నుంచి పరీక్ష జరిగిన నెలా సంవత్సరమూ ఇలా పొదుపుగా కొట్టేవారు. 4 12 ఉంటే 1912 ఏప్రిల్. మచ్చుకి 8 27 అయితే 1927 ఆగస్టు. దీన్ని సీరియల్ నంబరనుకుని వెతికేవాళ్లు ఎంతమందో. అసలు సీరియల్ నంబరు మీ ఫొటోల్లో రెండుచోట్ల కనపడుతోంది, గొట్టాల అడుగున ఒకసారి, వాటిని పట్టి ఉంచే ఉక్కు దిమ్మ మీద ఒకసారి. రెండూ ఒకటే. మంచిది, గొట్టాలు ఈ తుపాకీతోనే పుట్టాయన్నమాట. గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందువైపు చెక్కను విప్పి దాని లోపలివైపు కూడా చూడండి, చాలాసార్లు అదే నంబరో, దాని చివరి అంకెలో అక్కడా ఉంటాయి.

ఒక అనుమానం మీకు రావాలి. 1928 నాటికి జర్మనీలో రాజెక్కడున్నాడు? కైజర్ 1918లోనే సింహాసనం వదిలి హాలండ్ పారిపోయాడు కదా? నిజమే. రాజు పోయాడు గానీ ముద్రల మీద కిరీటం పోలేదు. 1939లో కొత్త చట్టం తెచ్చి, 1940 ఏప్రిల్ నుంచి అక్షరాల మీద కిరీటం తీసేసి డేగను పెట్టారు. ‘కిరీటం ఉంది కాబట్టి కైజర్ కాలం’ అన్న మీ ఫ్రెండు లెక్క అక్కడ తప్పింది. కిరీటాన్ని బట్టి 1893కీ 1940కీ మధ్యది అని మాత్రమే చెప్పగలం. మిగతా పని నైట్రో ముద్రా, ఆ మూడంకెలూ చేశాయి.

కాబట్టి మీ తుపాకీ యాంటిక్ కాదు. 1898 గీతకి ముప్పై ఏళ్లు ఇవతల ఉంది. పైన వీసా గురించి చెప్పిందంతా మీకు వర్తిస్తుంది.

ఇక క్రుప్ సంగతి. పూర్తి మాట ‘ఫ్లుస్-ష్టాల్ క్రుప్-ఎస్సెన్’ అని ఉంది కదా. ఫ్లుస్-ష్టాల్ అంటే కరిగించి పోతపోసిన ఉక్కు. అంతకుముందు తరం గొట్టాలు ఇనుము, ఉక్కు తీగలు పేని, చుట్టి, కాల్చి అతికినవి, పైన పాముచర్మం మీద ఉన్నట్టు గీతలుంటాయి. ఇది అలాంటిది కాదు, ఎస్సెన్ ఊళ్లో క్రుప్ వాళ్లు పోసిన అసలైన ఉక్కు అని గొప్పగా చెప్పుకోవడం అన్నమాట. అంటే క్రుప్ పేరు ఉక్కుది, తుపాకీది కాదు. చీర మీద ‘ప్యూర్ సిల్క్’ అని మార్కు ఉంటే పట్టుపురుగు నేసిందని అర్థమా? బ్యోలర్ ఉక్కు, విట్టెన్ ఉక్కు అని ఉన్నవీ ఇలాంటివే. కొన్నిటి మీద ఒకదాన్నొకటి పెనవేసుకున్న మూడు రింగులుంటాయి. అది క్రుప్ వాళ్ల గుర్తు. రైలు చక్రాల చుట్టూ తొడగడానికి వాళ్లు అతుకు లేకుండా చేసిన ఉక్కు కట్లకి గుర్తుగా 1875 నుంచి వాడుతున్నారు. తుపాకీ మీద రైలుచక్రం ఏమిటని నేనూ మొదట్లో తల గోక్కున్నాను.

డి.ఆర్.జి.ఎం. దగ్గర నేను బోల్తా పడ్డ కథ. చాలా ఏళ్ల కిందట ఇలాంటి తుపాకీ ఒకటి నా చేతికొచ్చింది. దాని మీద డి.ఆర్.జి.ఎం. అని ఉండి, పక్కన ఆరంకెల నంబరుంది. ఇదేదో కంపెనీ పేరు, ఇది దాని సీరియల్ నంబరు అనుకున్నాను. ఆ కంపెనీ కోసం మూడు నెలలు వెతికాను. ముగ్గురికి ఉత్తరాలు రాశాను. ఒకాయన పాపం మర్యాదగా జవాబిచ్చాడు: ‘అయ్యా, మా అమ్మమ్మ కాఫీ గింజల మిషన్ మీద కూడా ఆ కంపెనీ పేరే ఉంది.’ దాని పూర్తి రూపం డాయిచెస్ రైష్స్ గెబ్రౌహ్స్‌ముస్టర్. పేటెంటు కంటే ఒక మెట్టు కిందిది, చిన్నచిన్న కొత్త ఏర్పాట్లకి ఇచ్చే రిజిస్ట్రేషన్. 1891 నుంచి ఇచ్చేవారు. తాళానికీ ఇచ్చారు, బొమ్మలకీ ఇచ్చారు. మీ తుపాకీలో అది గొట్టాల్ని బిగించే మీట పక్కనే ఉంది కాబట్టి ఆ బిగింపు పద్ధతికి సంబంధించినదై ఉంటుంది. ఆ నంబరు ఎప్పుడు నమోదైందో దొరికితే, తుపాకీ అంతకంటే పాతది కాదని రుజువవుతుంది. అంతకుమించి అది చెప్పేదేమీ లేదు.

మరి చేసిందెవరు? పట్టీ మీద ఉన్న మాగ్డెబర్గ్ పేరు దాదాపు ఖాయంగా అమ్మినవాడిది. అది అర్థం కావాలంటే జర్మన్ తుపాకుల ఊరు సూల్ సంగతి కొంచెం చెప్పాలి.

సూల్ తురింగియా అడవుల్లో, కొండల మధ్య లోయలో ఉన్న చిన్న ఊరు. చుట్టూ ఇనుప ఖనిజం, బొగ్గు చేసుకోవడానికి చెట్లు, సమ్మెటలు తిప్పడానికి వాగులు. కొన్ని వందల ఏళ్లుగా ఆ ఊరి పని తుపాకులే. సంత వీధిలో దేవుడికో రాజుకో కాకుండా ఒక కమ్మరికి విగ్రహం పెట్టుకున్న ఊరు. ఆయుధాల మ్యూజియం కూడా ఉంది, పాత మాల్టు గోదాములో. 1751లో మొదలైన సావర్ అండ్ జోన్, 1840 నాటి హేనెల్, 1898లో పెట్టిన మెర్కెల్ సోదరుల కంపెనీ లాంటివన్నీ అక్కడివే. పక్కనే ట్సెల్లా-మేలిస్ అని ఇంకో తుపాకుల ఊరు. అయితే పెద్ద కంపెనీల కంటే ఎక్కువమంది ఇళ్లలోనే పనిచేసేవాళ్లు. ఒకరింట్లో గొట్టాలు అతుకుతారు. ఒకాయన ఆకురాయితో తుపాకీని పేల్చే యంత్రం భాగాలు అరగదీస్తాడు. మడమ చెక్క ఇంకో వీధిలో. చెక్కుడు పనివాడు కిటికీ పక్కన కూర్చుని జింకను చెక్కుతాడు. అన్నీ ఒకచోట చేరి, పరీక్షా కేంద్రానికి వెళ్లి, ముద్ర వేయించుకుని, బెర్లిన్‌లోనో మాగ్డెబర్గ్‌లోనో ఉన్న దుకాణానికి చేరతాయి. దుకాణదారు పైన తన పేరు చెక్కిస్తాడు. పోచంపల్లిలో ఒకింట్లో నూలుకి రంగులద్ది, ఇంకో ఇంట్లో నేసిన చీర హైదరాబాద్ షాపు పేరున్న కవర్లో మీ ఇంటికి రాలేదూ, అదే పద్ధతి.

అందుకని ఆ పేరు పనికిరాదని కాదు. జర్మనీలో ఊళ్లకి పాత అడ్రస్ పుస్తకాలుంటాయి, ఏ వీధిలో ఎవరు ఏ వ్యాపారం చేసేవారో ఏటేటా అచ్చువేసేవారు. చాలా ఊళ్లవి ఇప్పుడు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మాగ్డెబర్గ్‌కి 1928 చుట్టూ ఉన్నవి వెతికి, ఆ పేరుతో తుపాకుల దుకాణం ఉందేమో చూడండి. అక్షరాలు పాత జర్మన్ అచ్చులో ఉంటాయి, ఎస్ చూస్తే ఎఫ్‌లా కనపడుతుంది, కంగారు పడకండి.

చేసినవాడి ఆనవాలు దొరికితే మళ్లీ గొట్టాల అడుగునే దొరుకుతుంది. కిరీటాలకి దూరంగా, చిన్న అక్షరాలతో రెండు మూడు పొడి అక్షరాలో, ఒక చిన్న బొమ్మో ఉంటుంది. గొట్టాలు అతికినవాడి గుర్తు అది. మీ పదకొండో ఫొటోలో ఏదో మరకలా కనపడుతోంది గానీ చదవడానికి రావట్లేదు. అమెరికాలో జర్మన్ గన్ కలెక్టర్స్ అసోసియేషన్ అని ఒకటుంది, ఇలాంటి గుర్తులు చదవడమే వాళ్ల పని. ఫొటో బాగుంటే వాళ్లకి పంపవచ్చు.

ఫొటో ఎలా తీయాలో చెప్తాను. అంతకంటే ముందు మూడు గొట్టాల్లోనూ తూటా లేదని చూడాలి. పై మీట పక్కకి నెట్టి వంచితే గొట్టాలు తెరుచుకుంటాయి, ఈ చివర నుంచి ఆ చివరకి వెలుతురు కనపడాలి. తర్వాత ముందు చెక్క, గొట్టాలు విప్పాలి. అలవాటున్నవాళ్లతో విప్పించండి. ముద్రల మీద మురికి పేరుకుంటే కొంచెం నూనె రాసి, ఓ పూట వదిలి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తుడవాలి. ఇత్తడి బిందెలు తోమినట్టు పీచుతోనూ, పాలిష్‌తోనూ తోమితే అక్షరాలతో పాటు దాని విలువ కూడా అరిగిపోతుంది. ఫొటోకి ఫ్లాష్ వాడకండి. గది లైట్లు ఆపి, టార్చిలైటు పక్కనుంచి, గొట్టానికి దాదాపు ఆనించి వేయండి. గుంటల్లో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. అప్పటికీ రాకపోతే, చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్లం చూడండి, అది చేయండి. పల్చటి కాగితం, మెత్తటి పెన్సిల్. కెమెరాకి దొరకనివి ఇలా చాలాసార్లు దొరికాయి నాకు.

వైమానిక దళం కథకి వద్దాం. ఇలాంటి మూడు గొట్టాల తుపాకీని జర్మన్లు డ్రిల్లింగ్ అంటారు. ఒకే కాన్పులో పుట్టిన ముగ్గురు పిల్లల్నీ అదే మాటతో పిలుస్తారు. యుద్ధంలో విమానం కూలి అడవిలోనో ఎడారిలోనో చిక్కుకుపోయిన పైలట్లకి ఉపయోగపడుతుందని సావర్ కంపెనీ వైమానిక దళానికి ఎం30 అనే డ్రిల్లింగు చేసిచ్చిన మాట నిజం. కానీ అవి సుమారు 2,500 మాత్రమే. 1940ల మొదట్లో చేసినవి. పై గొట్టాలు 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు లెక్క, కింద వివరంగా చెప్తాను), కింది రైఫిల్ 9.3×74ఆర్ అనే తూటాది, గొట్టం మీదా మడమ మీదా వైమానిక దళం డేగ ముద్ర. మీది 16 గేజ్, 1928, డేగ లేదు. వాళ్లది సైన్యం సరుకు, అంత చెక్కుడు పనీ జింకలూ ఉండవు. అమెరికాలో ప్రతి డ్రిల్లింగుకీ అమ్మేవాడు ఒక పైలట్‌ని తగిలిస్తాడు. పైలట్ దొరక్కపోతే గోరింగ్‌ని తెస్తాడు, ఆయన నాజీల కాలంలో జర్మనీకంతటికీ వేటల పెద్ద కాబట్టి. కాగితం చూపించమంటే మాత్రం ఉండదు.

మీదానికి అసలైన కథ వేరే ఉంది, అది నాకు వీటికంటే నచ్చింది. 1945 ఏప్రిల్ మొదట్లో అమెరికన్ సైన్యం సూల్‌లోకి వచ్చింది. జూలైలో రష్యన్లకి అప్పగించి వెళ్లిపోయింది. ఎక్కడికి వెళ్తే అక్కడ ఊరి జనం దగ్గరున్న తుపాకులన్నీ తెచ్చి పడేయమని ఆర్డరు వేసేవారు. టౌన్‌హాలు ముందు పోగులు పడేవి. ఫారెస్టరు వచ్చి తన డ్రిల్లింగు పోగులో పెట్టి వెళ్లిపోయేవాడు. సిపాయిలు తమకి నచ్చింది తీసుకునేవాళ్లు. అలా తెచ్చుకోవడానికి పై అధికారి సంతకం చేసిన కాగితం ఒకటి ఇచ్చేవారు. మీ పక్కింటావిడని ఆ కాగితం గురించి అడగండి. మామగారి డిశ్చార్జి కాగితాల్లోనో, పాత ఉత్తరాల పెట్టెలోనో ఉండొచ్చు. సామాను సర్దుతున్నారంటున్నారు కాబట్టి ఈ వారమే అడగండి, ఒకసారి చెత్తబుట్టలోకి పోతే ఇంకేం చేయలేం. ఆయన ఏ దళంలో పనిచేశారు, ఆ వేసవిలో ఎక్కడున్నారు అన్నది కూడా రాసిపెట్టుకోండి. అలాంటి కాగితం దొరికితే తుపాకీ విలువ నిజంగానే పెరుగుతుంది.

విలువ అంటే అంకె చెప్పను. చేతిలోకి తీసుకుని గొట్టాల లోపల చూడకుండా ధర చెప్పేవాడిని నమ్మకండి. తుప్పు గుంటలున్నాయా, గొట్టాలు మూసినప్పుడు బిగుతుగా ఉన్నాయా, చెక్క చీలిందా, పట్టీలో దుర్భిణి తగిలించే గాడులున్నాయా, ఆ దుర్భిణి ఇంకా ఉందా, వీటి మీద పోతుంది. 16 గేజ్, 9.3 మిల్లీమీటర్ల జోడీ ఆనాటి ఫారెస్టర్లకీ మామూలు వేటగాళ్లకీ ఇష్టమైనది, చాలానే చేశారు. ఇల్లు కట్టుకునే డబ్బు రాదు.

కాల్చడం గురించి. ఇప్పుడే వద్దు. మీ వీసా ఒప్పుకున్నా వద్దు. కారణాలు చెప్తాను.

వలయంలో 16 అంటే గేజ్. ఒక పౌండు సీసాన్ని పదహారు సమాన గుండ్లు చేస్తే అందులో ఒక గుండు ఎంత లావుంటుందో అంత గొట్టం. ఆ కాలపు 16 గేజ్ తుపాకుల్లో ఎక్కువ వాటికి తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇవాళ షాపులో దొరికే తూటా 70. తమాషా ఏమిటంటే అది ఇందులో చక్కగా పడుతుంది, ఎందుకంటే పేలకముందు తూటా మూతి ముడుచుకుని పొట్టిగా ఉంటుంది. పేలాక ఆ మూతి విచ్చుకుంటుంది, విచ్చుకోడానికి చోటు లేక గొట్టం ఇరుకులోకి దూరుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పట్టింది కదా అని కాల్చడం అందుకే ప్రమాదం.

కింది గొట్టం మీద 8,7, 72 ఉన్నాయి. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు. గొట్టంలో గాడుల మధ్య మిట్టల దగ్గర కొలత 8.7 మిల్లీమీటర్లు, తూటా ఇత్తడి తొడుగు పొడవు 72. ఈ రెండూ కలిస్తే సాధారణంగా 9.3×72ఆర్ అనే తూటా. పొగ వచ్చే పాత నల్ల తుపాకిమందు కాలపు తూటా నుంచి పుట్టింది, నెమ్మదైనది. యూరప్‌లో ఇప్పటికీ తయారవుతోంది. పైన పైలట్ల తుపాకీకి చెప్పిన 9.3×74ఆర్ దీని అన్న కాదు, వేరే ఇంటివాడు, బలం చాలా ఎక్కువ. పేర్లలో తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి షాపులో పొరపాటు జరగడానికి ఎంతోసేపు పట్టదు.

అన్నిటికంటే ముఖ్యమైన అనుమానం ఇంకోటుంది. ముద్ర చెప్పేది 1928 మార్చి సంగతి. ఆ తర్వాత ఏం జరిగిందో ముద్రకి తెలియదు. అమెరికా తెచ్చుకున్న సిపాయిలకి ఇక్కడ జర్మన్ తూటాలు దొరక్క, చాలామంది ఆ గదిని తొలిపించి అమెరికన్ తూటాకి మార్పించుకున్నారు. మీ పక్కింటివాళ్ల మామగారు కూడా ఆ పని చేశారేమో ఎవరికి తెలుసు? అందుకని పాత జర్మన్ తుపాకులు తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత చాంబర్‌కి, అంటే ఆ తూటా గదికి, పోత తీయించాలి. సెర్రోసేఫ్ అని ఒక మిశ్రలోహం ఉంటుంది, మరిగే నీళ్ల కంటే తక్కువ వేడికే కరుగుతుంది. కరిగించి గదిలో పోస్తే చల్లారుతూ ముందు కొద్దిగా ముడుచుకుంటుంది, అప్పుడు ఊడి వస్తుంది. తర్వాత మళ్లీ మెల్లగా ఉబ్బి, దాదాపు గంటకి గది అసలు కొలతకి వస్తుంది. అప్పుడు కొలవాలి. వెండిలా మెరుస్తూ, చిటికెన వేలంత ఉంటుంది ఆ పోత. మొదటిసారి నా అరచేతిలో పెట్టినప్పుడు, తుపాకీ లోపలి ఖాళీని పట్టుకున్నట్టు అనిపించింది.

సూల్ రైఫిళ్లు ఉన్న ఇతర పాఠకులకి ఒక ముక్క: మీది 8 మిల్లీమీటర్లదైతే ఇంకా జాగ్రత్త. 1888 నాటి తూటాకీ, 1905లో వచ్చిన తూటాకీ పేరు దాదాపు ఒకటే, పొడవు ఒకటే, గుండు లావు వేరు. పాతది ఇంచీలో .318, కొత్తది .323. వేట రైఫిళ్లలో పాత కొలత చాలా కాలం నడిచింది.

మీరు అడగకుండా రాసిన ఎస్, కె అక్షరాలు ష్రోట్, కూగెల్. అంటే రవ్వలు, గుండు. మీట ఎస్ వైపు ఉంటే రెండు ట్రిగ్గర్లూ పై గొట్టాలవి. కె వైపు తోస్తే ముందు ట్రిగ్గరు కింది రైఫిల్‌కి మారుతుంది. మూడు గొట్టాలకి రెండు ట్రిగ్గర్లు సరిపోయేది అలా. తోసినప్పుడు పట్టీ మీద పడుకుని ఉన్న చిన్న గురిరేకు టక్కున లేచి నిలబడుతుంది చూడండి. తొంభై ఏళ్ల తర్వాత కూడా అది లేస్తోందంటే లోపలి పని బాగున్నట్టే.

ఒకటి మర్చిపోయాను. ఇండియా తీసుకెళ్లి ఊళ్లో గోడకి తగిలించాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే తేకూడదు, పాతది, మా ఇంటి ముచ్చట అంటే కస్టమ్స్‌వాళ్లు వినరు.

ఇక ఆ తుప్పు పట్టిన ఇనుప మూత. స్క్రూడ్రైవర్ పెట్టి తన్నకండి. కీలు దగ్గర రెండు చుక్కలు నూనె వేసి ఒక రోజు వదిలి, గన్‌స్మిత్ చేతే తెరిపించండి. డ్రిల్లింగుల్లో కొన్నిటికి మడమ లోపల చిన్న అర ఉంటుంది, వేటగాడు నాలుగైదు రైఫిల్ తూటాలు అక్కడ దాచుకునేవాడు. తెరిచినప్పుడు లోపల ఒక్క తూటా మిగిలి ఉన్నా బయటికి తీయక ముందే ఫొటో తీయమనండి, తర్వాత దాని అడుగున ఉన్న అక్షరాలది ఇంకో ఫొటో. తూటాను మీ జేబులో వేసుకోకండి, మొదట చెప్పిన చట్టం తూటాకీ వర్తిస్తుంది. ఫొటో మాత్రం నాకు పంపండి.